మొదటి డెబ్బై రెండు గంటలు

(గని కార్మికుల స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఏ ఒక్కరి పేరు మీదా లేదు. కోలార్ బంగారు గనుల్లోకి తరతరాలుగా దిగి, దెబ్బలు తిని, కొందరు మళ్లీ పైకి రాకుండా పోయిన కార్మికులందరి స్మృతిలో దీన్ని పెట్టుకున్నాం. అలాంటి సభలో బెణుకుల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త ఆలోచించారు. బండలు పేలిపడే రాక్ బర్స్టుల గురించో, రాతిధూళితో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ గురించో చెబుతాననుకున్నారు. వాటి గురించి చెప్పాల్సినవాళ్లు చెబుతూనే ఉన్నారు. నేను ఎముకలూ కీళ్లూ చూసే డాక్టర్ని. నా దగ్గరికి వచ్చే పాత గని కార్మికుల్లో ఎక్కువమంది ఏ పెద్ద ప్రమాదంలోనూ చిక్కుకోనివాళ్లు. వయసులో ఉండగా ఎప్పుడో పట్టాల మధ్య మెలిపడ్డ చీలమండ, బండ జారి నలిగిన బొటనవేలు, ట్రాలీ తోస్తుంటే పట్టేసిన భుజం, ఇవే వాళ్లను ముసలితనం దాకా వెంటాడాయి. ఎక్స్‌రేలో ఎముక బాగానే కనబడుతుంది, మనిషి మాత్రం కుంటుతూనే ఉంటాడు. అలాంటి కుంటుడులో చాలా భాగం దెబ్బ తగిలిన మొదటి మూడు రోజుల్లో జరిగిన పనుల వల్ల, జరగని పనుల వల్ల వచ్చిందని నా నమ్మకం. ఇవాళ చెప్పదలచుకున్నది ఆ మూడు రోజుల సంగతి.

ముందు గని లోపలికి వెళదాం. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో ఇక్కడ పని మొదలుపెట్టింది. చాంపియన్ రీఫ్ గని చివరికి భూమిలోకి 3 కిలోమీటర్లు దాటి దిగింది. అంత లోతులో రాతి వేడి 60 డిగ్రీలు మించి ఉంటుంది. కిందినుంచి ఒకే ఊపున పైకి వచ్చే దారి ఉండేది కాదు. ఒక షాఫ్టు ఎక్కి, సొరంగంలో నడిచి, ఇంకో షాఫ్టు ఎక్కాల్సి వచ్చేది. కాలు విరిగినవాడైనా బెణికినవాడైనా స్ట్రెచర్ మీద ఆ దారిన రావాల్సి వచ్చేది. పైన ఆసుపత్రిలో ఎంత మంచి సర్జన్ ఉన్నా, కిందివాడికి మొదటి గంట డాక్టరు పక్కనున్న తోటి కార్మికుడే.

ఈ సంగతి చట్టానికీ తెలుసు. గనులు నడిచిన రోజుల్లో అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఫస్ట్ ఎయిడ్ పెట్టె శిక్షణ పొందిన బాధ్యత గల మనిషి చేతిలో ఉండాలి, పని జరిగేంతసేపూ ఆ మనిషి అందుబాటులో ఉండాల్సి ఉండేది. 150 మందికి మించి పనిచేసే గనిలో ప్రత్యేకంగా ఫస్ట్ ఎయిడ్ గది ఉండాల్సి ఉండేది. అదే చట్టంలో ఇంకొక నిర్వచనం ఉండేది, దాని మీద నా కన్ను చాలాకాలంగా ఉంది. ఎముక విరగడం, అవయవం పోవడం వంటి తీవ్రమైన గాయం కాకపోయినా, మనిషి 72 గంటలు గానీ అంతకు మించి గానీ పనికి రాలేకపోతే దాన్ని గాయంగా పైకి తెలపాల్సి ఉండేది. 1923 నాటి కార్మిక పరిహార చట్టంలో కూడా, చావు వంటి పెద్ద సంగతులు పక్కన పెడితే, అశక్తత మూడు రోజులు దాటితేనే యజమాని బాధ్యత మొదలయ్యేది. అంటే మూడో రోజుకల్లా మనిషి ఎలాగోలా పనిలోకి వచ్చేస్తే ఆ దెబ్బ కాగితం మీద దాదాపు లేనట్టే. అది యజమానికీ సుఖం, మేస్త్రీకీ సుఖం. కూలి పోకుండా ఉండాలనుకునే కార్మికుడికీ ఆ పూటకు సుఖమే.

ఇక శరీరం లెక్క చూడండి. చీలమండ లోపలి వైపుకు మడతపడినప్పుడు బయటి పక్కనున్న లిగమెంట్లు సాగుతాయి, పోగులు తెగుతాయి. ఎక్కువసార్లు ముందు తెగేది బయటి గుబ్బ ముందు భాగాన్ని పాదానికి కట్టి ఉంచే లిగమెంటు. తెగిన చోట సన్నని రక్తనాళాలు కారతాయి. కొన్ని గంటల్లో వాపు, వేడి, ఎరుపు, నొప్పి వస్తాయి. ఈ వాపు శత్రువు కాదు. చచ్చిన కణాలను ఎత్తివేసే తెల్లకణాలు ఆ వాపు నీటితోనే వస్తాయి, కొత్త పోగులు అల్లే కణాలను పిలిచేవీ అవే. ఈ దశ ఇంచుమించు మూడు రోజులు. ఆ తరవాత ఆరు వారాల దాకా కొత్త పోగులు పడతాయి. అవి ముందు అడ్డదిడ్డంగా పడి, బరువు మోసేకొద్దీ ఒక వరసకు వస్తాయి. పూర్తిగా గట్టిపడడానికి ఏడాది దాకా పట్టొచ్చు. కాబట్టి మూడో రోజు అంటే పాత పోగు తెగి, కొత్త పోగు ఇంకా పడని రోజు. చట్టమూ, కూలి అవసరమూ మనిషిని సరిగ్గా అప్పుడే బరువు ఎత్తమంటాయి. గనిలో ఇది ఎన్ని వందలమందికి జరిగిందో రాసి పెట్టిన రిజిస్టర్ ఉండదు. రాయకుండా ఉండడానికే కదా మూడో రోజు పనిలోకి రమ్మన్నది.

ఇంట్లో ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. బెణికిన గంటలోపే నూనె వెచ్చబెడతారు. ఊళ్లో నీవడం వచ్చిన ముసలామె ఎవరో ఉంటుంది. ఆమె చీలమండను గట్టిగా నీవి, చివర ఒక్క లాగు లాగుతుంది. ఆ తరవాత ఇటుక కాపడమో, ఉప్పు మూట కాపడమో. చింతపండు, ఉప్పు కలిపి ఉడికించిన పట్టు వేసేవాళ్లున్నారు, పసుపూ సున్నం వేసేవాళ్లూ ఉన్నారు. ఆ ముసలామె మీద నాకు కోపం లేదు. మనిషి నొప్పితో ఉన్నప్పుడు చెయ్యి వేసినవాళ్లు వాళ్లే. నీవిన కాసేపు నొప్పి తగ్గుతుంది కూడా, అది నిజం. కానీ తెగిన రక్తనాళం ఇంకా మూసుకోని గంటల్లో వేడి పెడితే, గట్టిగా మర్దన చేస్తే, ఆగిపోవాల్సిన రక్తం మళ్లీ కారుతుంది. తొడ కండరం గట్టిగా నలిగి లోపల గడ్డ కట్టినప్పుడు మర్దన ఇంకా ప్రమాదం. కొందరిలో ఆ గడ్డ వారాల తరవాత కండరంలోనే ఎముకలాగా గట్టిపడిపోతుంది, మోకాలు మడవడం రాకుండా పోతుంది. ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లలో ఇది చూశాను. మన జింఖానా మైదానంలో ఆడేవాళ్లు ఈ మాట వినాలి. తొడ మీద మోకాలితో బలంగా తగిలితే ఆ రోజూ మర్నాడూ ఎవరిచేతా నీవించుకోకండి.

బామ్ సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినవారు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిచింది, గ్రంథమాల నడిచింది. అందువల్ల ఆ సీసా మీద నాకు గౌరవం ఎక్కువే. మెంథాల్, కర్పూరం వంటివి చర్మం మీద చల్లగానో మంటగానో అనిపించి, లోపలి నొప్పి నుంచి ధ్యాసను మళ్లిస్తాయి. అది చాలా మంచి పని. లోపల తెగినదాన్ని మాత్రం అవి ముట్టుకోవు. రాసుకోండి, రుద్దకండి.

మరి ఏం చెయ్యాలి? 1978లో గేబ్ మర్కిన్ అనే అమెరికన్ డాక్టరు తన పుస్తకంలో నాలుగు మాటలు పెట్టాడు: విశ్రాంతి, ఐసు, ఒత్తిడి కట్టు, ఎత్తు. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే రైస్ అవుతుంది. మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతా అదే పాఠం. 2014లో ఆయనే, ఐసు వాపుని ఆపితే మానడమూ ఆలస్యం కావచ్చు, పూర్తి విశ్రాంతి కూడా మంచిది కాదు అన్నాడు. ఈలోగా 2012లో బ్రిటిష్ నిపుణులు విశ్రాంతి అన్న మాట తీసేసి, తగినంత బరువు వేయడం అన్న మాట చేర్చారు. 2019లో కెనడా ఫిజియోథెరపిస్టులు ఐసునే జాబితాలోంచి తీసేశారు. మొదటి రోజుల్లో వాపుని అణిచే మందులూ వద్దన్నారు. ఇలా మారుతుంటే జనం విసుగుపడతారు, డాక్టర్ల మాట నమ్మడం మానేస్తారు. నా అభిప్రాయం ఇది. ఐసు నొప్పికి మంచిది, అంతకుమించి దాని నుంచి ఆశించకండి. గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మం మీద పెట్టకండి. షుగరు ఉండి కాళ్లు తిమ్మిరిగా ఉన్నవాళ్లు ఐసు జోలికి పోవద్దు, చర్మం మాడినా తెలియదు. ఐసు దొరకని పల్లెలో కుండనీళ్లలో తడిపిన తువ్వాలు చాలు. నొప్పికి పారాసిటమాల్ చాలు. మొదటి పూటే సూది వేయించుకుని, నొప్పి తెలియక అదే కాలి మీద పొలానికి వెళ్లినవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. అక్కడ నొప్పే కాపలా, దాన్ని నిద్రపుచ్చి పని చేయించడం కంటే అన్యాయం లేదు.

అన్నిటికంటే మిన్న ఒత్తిడి కట్టు, ఎత్తు. నాలుగు అంగుళాల క్రేప్ బ్యాండేజీ తీసుకోండి. పాదాన్ని కాలికి నిలువుగా, తొంభై డిగ్రీల్లో పెట్టించండి. వేళ్ల మొదట్లో మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ రండి, చీలమండ దగ్గర ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. కింద కొంచెం బిగువు, పైకి వచ్చేకొద్దీ వదులు. చాలామంది దీన్ని తిరగేసి కడతారు, పిక్క దగ్గర బిగించి పాదం దగ్గర వదులుగా వదిలేస్తారు. అప్పుడు పాదం పూరీలా ఉబ్బుతుంది. వేలి గోళ్లు బయట కనబడాలి. గోరు నొక్కి వదలండి. తెల్లబడిన రంగు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోతే విప్పి మళ్లీ కట్టండి. పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి. కాళ్ల వైపు మంచం కోళ్ల కింద చెరో రెండు ఇటుకలు పెడితే సరి, దిండ్లు రాత్రికి జారిపోతాయి.

కట్టు దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఈ ప్రాంతంలో చేతులూ వేళ్లూ పోగొట్టింది దెబ్బకంటే కట్టు అన్న సందర్భాలు ఉన్నాయి కనుక.

1881లో జర్మనీలో రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ అనే సర్జన్ ఒక వ్యాసం రాశాడు. బిగుతుగా కట్టిన కట్ల కింద కండరానికి రక్తం అందక, కండరం చచ్చి, ముడుచుకుపోయి, వేళ్లు పక్షి గోళ్లలా వంగిపోవడాన్ని ఆయన వర్ణించాడు. ఇవాళ్టికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తాం. మోచేతి దగ్గర దెబ్బ తగిలిన పిల్లల్లో ఎక్కువ. నా దగ్గరికి ముళబాగిలు వైపు పల్లె నుంచి ఒక పిల్లవాడిని తీసుకొచ్చారు. మోచెయ్యి విరిగితే ఎవరో నాటు కట్టు గట్టిగా కట్టారు. రాత్రంతా పిల్లవాడు ఏడ్చాడు. కట్టు కుదురుకుంటోందని పెద్దవాళ్లు ఓర్చుకోమన్నారు. తెల్లారేసరికి ఏడుపు ఆగింది. ఏడుపు ఆగడం మంచిదనుకున్నారు. ఆ వేళ్లు ఇవాళ్టికీ పెన్ను పట్టవు. కండరం రక్తం లేకుండా ఆరు గంటలు దాటితే ఇంక తిరిగి రాదు.

అందువల్ల దెబ్బకు తగని నొప్పి ఉంటే, మందు వేసినా తగ్గకపోతే, వేళ్లను మీరు మెల్లగా చాపినప్పుడు అరిస్తే, వేళ్లు తిమ్మిరెక్కినా చల్లబడినా, ఎవరు కట్టిన కట్టయినా సరే, అర్ధరాత్రయినా సరే, ఆ నిమిషమే పూర్తిగా విప్పేయండి. డాక్టరు వేసిన సిమెంటు కట్టయినా ఇదే మాట, కోయించడానికి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. విప్పినా నొప్పి తగ్గకపోతే అది గంటల మీద ఆపరేషన్ చేయాల్సిన కేసు.

అదే 1881 ప్రాంతంలో మనకు కాస్త తూర్పున, పుత్తూరు దగ్గర ఒక రాజుల కుటుంబం ఎముకలకు ఆకుకట్టు కట్టడం మొదలుపెట్టిందని చెప్పుకుంటారు. పుత్తూరు కట్టు పేరు కోలార్లో తెలియని ఇల్లు ఉండదు, బెంగళూరు దాకా ఆ పేరుతో బోర్డులున్నాయి. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, ఇంతే సరంజామా. ఎక్స్‌రే తీయించడానికి ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, తోడు వచ్చినవాడి కూలి పోయే ఇంటికి ఆ కట్టు ఎందుకు నచ్చుతుందో అర్థం చేసుకోకుండా, దాన్ని వెక్కిరించే డాక్టర్లతో నేను ఏకీభవించను. బద్దలు పెట్టి కదలకుండా చేయడం అనే మూలసూత్రం మాదీ వాళ్లదీ ఒకటే.

ఇంకొక కుటుంబం కథ వినండి. ఇంగ్లండులో లివర్‌పూల్‌లో ఎవాన్ థామస్ అనే నాటు ఎముకల వైద్యుడు ఉండేవాడు. చదువుకున్న డాక్టర్లు ఆయన్ను కోర్టులకు లాగి విసిగించారు. ఆయన కొడుకులందరినీ వైద్యం చదివించాడు. వాళ్లలో హ్యూ ఓవెన్ థామస్ తొడ ఎముకకు ఒక ఇనుప చట్రం తయారుచేశాడు. ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ చట్రాన్ని యుద్ధభూమి దాకా పంపించాడు. తుపాకీ దెబ్బకు తొడ విరిగిన సైనికుల్లో అంతకుముందు 80 శాతం దాకా చనిపోయేవాళ్లనీ, 1917 నాటికి అది 20 శాతం లోపుకు దిగిందనీ యుద్ధ వైద్యుల లెక్కలు చెబుతాయి. ఇవాళ మా శాఖకు పునాది వేసినవాళ్లలో ముందు వరసలో చెప్పుకునే హ్యూ ఓవెన్ థామస్, నాటు వైద్యుడి ఇంట్లో కట్లు చూసి పెరిగినవాడు. మన జిల్లాలో కట్లు కట్టే ఇళ్లలో కూడా అలాంటి చేతులు ఉండే ఉంటాయి. వాళ్లతో కూర్చుని, కట్టేటప్పుడు వేళ్లు బయట పెట్టండి, మొదటి రాత్రి రెండుసార్లు గోరు నొక్కి చూడండి, మోచేతి దెబ్బ తగిలిన పిల్లవాణ్ని, ఎముక బయటికి పొడుచుకొచ్చినవాణ్ని మా దగ్గరికి పంపండి అని అడిగితే ఒప్పుకునేవాళ్లు చాలామంది. అడిగేవాళ్లే తక్కువ.

ఎముక విరిగిందా, బెణికిందా అన్నది ఎలా తెలుస్తుంది? దీనికి కెనడాలోని ఒట్టావాలో ఇయన్ స్టీల్, ఆయన తోటివాళ్లు 1992లో ఒక మంచి దారి చూపించారు. చీలమండ దెబ్బలకు ఊరికే తీస్తున్న ఎక్స్‌రేలు తగ్గించాలని వాళ్లు చూశారు. బయటి గుబ్బ, లోపలి గుబ్బ, ఈ రెంటికీ వెనక అంచు వెంబడి చివరి నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల దాకా ఎముక మీద వేలితో నొక్కండి. పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకున్నట్టుండే ఎముక మీద, లోపలి వంపు పైనున్న ఎముక మీద కూడా నొక్కండి. ఎక్కడా ఎముక మీద నొప్పి లేకుండా, దెబ్బ తగిలిన వెంటనే గానీ ఇప్పుడు గానీ కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయగలిగితే, ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. ఎముక మీద నొప్పి ఉన్నా, నాలుగు అడుగులు పడకపోయినా ఎక్స్‌రే తీయించాలి. చిన్నపిల్లల్లో, తాగి ఉన్నవాళ్లలో, కాళ్లకు స్పర్శ తగ్గిన షుగరు రోగుల్లో ఈ పరీక్ష మీద ఆధారపడకండి. నా దృష్టిలో కోలార్ లాంటి జిల్లాకు గత యాభై ఏళ్లలో వచ్చిన పరిశోధనల్లో ఇది చాలా ఉపయోగపడేది. మందు లేదు, మిషను లేదు, వేలు చాలు.

కీళ్లు తొలగడం గురించి క్లుప్తంగా. భుజం జారితే లాగి ఎక్కించడం సినిమాల్లో చూసి నేర్చుకోకండి. పక్కనే నరమూ రక్తనాళమూ ఉన్నాయి, ఎముక అంచు కూడా విరిగి ఉండొచ్చు. చెయ్యి ఎలా ఉంటే అతనికి సుఖంగా ఉందో అలాగే తువ్వాలుతో మెడకు కట్టి పంపండి. మోకాలు తొలిగితే అది ఇంకా పెద్ద సంగతి, వెనకనున్న ధమని చిరిగి ఉండొచ్చు, కాలు చల్లబడితే నిమిషం ఆలస్యం చేయొద్దు. మోకాలు మెలిపడినప్పుడు లోపల టప్పుమని శబ్దం వినబడి, గంట రెండు గంటల్లో కీలు నిండా వాపు వస్తే లోపలి లిగమెంటు తెగిందనే అనుకోవాలి. మడమ వెనక ఎవరో తన్నినట్టు అనిపించి, వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే, మడమ తాడు తెగి ఉండొచ్చు. మనిషిని బోర్లా పడుకోబెట్టి పిక్క పిసకండి, పాదం కదలకపోతే అదే. అడుగు వేయగలుగుతున్నాడు కదా అని దీన్ని బెణుకు కింద వదిలేస్తే నెలలు పోతాయి. ఇక పసిపిల్లల్ని ఒక్క చెయ్యి పట్టుకుని పైకి గుంజకండి. బస్సెక్కించే తొందరలో తల్లులు చేసే పని ఇది. పిల్ల ఆ చెయ్యి వేలాడేసుకుని కదపకుండా ఉంటే మోచేతిలో చిన్న ఎముక జారింది. డాక్టరు అర నిమిషంలో సరిచేస్తాడు.

గనికి సంబంధించి ఒక విషయం వదిలేయలేను. 1941లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు, ఇళ్ల శిథిలాల కింద గంటల తరబడి కాళ్లు నలిగిన మనుషుల్ని బయటికి తీశారు. తీసినప్పుడు బాగానే మాట్లాడారు. కొన్ని రోజుల్లో మూత్రం ఆగిపోయి చనిపోయారు. బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వివరించారు. నలిగిన కండరంలోంచి వెలువడే పదార్థాలు బండ ఎత్తగానే ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మన గనిలో రాక్ బర్స్టు తరవాత రాళ్ల కింద చిక్కుకున్నవాళ్ల విషయం తలచుకుంటే, పైకి బాగానే వచ్చి మూడో నాలుగో రోజున ఆసుపత్రిలో పోయినవాళ్ల గురించి ముసలివాళ్లు చెప్పే కథలు నాకు కొత్తగా అర్థమయ్యాయి. గనులు మూతపడినా క్వారీలు ఉన్నాయి, ట్రాక్టర్లు తిరగబడతాయి, వానకు మట్టిగోడలు కూలతాయి. మనిషి కాలు గంటకు పైగా నలిగి ఉంటే 108 అంబులెన్సుకి ఫోన్ చేసినప్పుడు ఆ మాట ముందే చెప్పండి, ఎన్ని గంటల నుంచి అన్నది రాసి పెట్టండి. సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాక బరువు తీయడం మేలు. ప్రాణం ఆ క్షణాన పోయేలా ఉంటే మాత్రం ఆగకండి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై 2008లో కర్ణాటకకూ వచ్చింది. అంబులెన్సు వస్తుంది, కానీ అది వచ్చేలోపు గడిచే ఇరవై నిమిషాలు మనవి.

మూడు రోజులు అయ్యాక ఏమిటి? ఇక్కడ మా వైద్యుల తప్పు కూడా ఉంది. ఆరు వారాలు కదలొద్దని చెప్పడం తేలిక, అందుకే ఏళ్ల తరబడి అదే చెప్పాం. మామూలు బెణుక్కి రెండు మూడు రోజుల తరవాత, నొప్పి ఒప్పుకున్నంత బరువు కాలి మీద వేయడం మొదలుపెట్టాలి. కొత్త పోగు బరువు దిశలోనే వరస కడుతుంది, బరువే లేకపోతే చిక్కుపడ్డ మచ్చగా మిగులుతుంది. కూర్చుని బొటనవేలితో గాలిలో అ నుంచి ఱ దాకా రాయండి, రోజుకు నాలుగైదుసార్లు. పిల్లలకైతే ఇది ఆటే. రెండో వారంలో దెబ్బ తగిలిన కాలి మీదే ఒంటికాలిపై నిలబడండి, ముందు గోడ పట్టుకుని, తరవాత వదిలి, ఆ పైన కళ్లు మూసుకుని. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణకడానికి లిగమెంటు వదులు కావడం ఒక కారణం. కీలు ఎక్కడుందో మెదడుకు చెప్పే నరాల చివరలు మొద్దుబారడం రెండో కారణం. ఒంటికాలి మీద నిలబడడం ఆ రెండోదానికి మందు. చాలామంది నొప్పి పోగానే ఆపేస్తారు, నొప్పి పోయాక ఇంకో నెల చేయాలి.

ఈ సలహాలన్నీ ఇస్తూ నాకు ఎప్పుడూ ఒక ఇబ్బంది ఉంటుంది. కోలార్ మార్కెట్ యార్డులో టమాటా బాక్సులు ఎత్తే హమాలీకి కాలు గుండెకంటే ఎత్తులో పెట్టుకుని మూడు రోజులు పడుకోమని చెబితే, ఆ మూడు రోజులు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా చెప్పాలి. గనిలో ఎంత లోపమున్నా, అక్కడ ఒక చట్టం ఉండేది, యూనియన్ ఉండేది, ఆసుపత్రి ఉండేది, ఫస్ట్ ఎయిడర్ ఉండేవాడు. యార్డులో రోజుకూలీకి వీటిలో ఎన్ని ఉన్నాయి? శ్రీనివాసపురంలో మామిడికాయలు కోసేవాడు కొమ్మ మీంచి పడితే ఆ తోట ఏ చట్టం కిందికి వస్తుంది? యార్డు వ్యాపారులు, తోటల గుత్తేదారులు బాక్సు మీద చాలా చిన్న మొత్తం పక్కన పెట్టినా, దెబ్బ తగిలినవాడికి మొదటి మూడు రోజుల కూలి ఇవ్వగలరు. చట్టం మూడు రోజుల తరవాత మొదలైతే, మనం మూడు రోజుల ముందు మొదలుపెడదాం. వైద్యుడిగా ఇది నా పరిధి దాటిన మాట అనే వాళ్లకు ఒకటే చెబుతాను. ఆ కూలి డబ్బు నేను రాసే ఏ మందుకన్నా బాగా పనిచేస్తుంది.

ఇక చివరి విషయం. 1877లో ఇంగ్లండులో సెయింట్ జాన్ అంబులెన్స్ సంఘం పుట్టింది. పీటర్ షెపర్డ్ అనే సైనిక వైద్యుడు 1878లో మామూలు జనానికి మొదటి క్లాసులు చెప్పాడు, మరుసటి ఏడే జులు యుద్ధంలో చనిపోయాడు. ఆ చదువుని ముందుగా అందిపుచ్చుకున్నవాళ్లలో బొగ్గు గని కార్మికులు, రైల్వేవాళ్లు ఉన్నారు. జర్మన్ సర్జన్ ఎస్మార్క్ ప్రచారంలోకి తెచ్చిన మూడు మూలల గుడ్డ వాళ్ల ఆయుధం. ఒక్క గుడ్డతో చెయ్యి వేలాడదీయొచ్చు, మోకాలు కట్టొచ్చు, బద్ద బిగించొచ్చు. ఆ విద్యే మన గనుల్లోకీ వచ్చింది. మన ఫస్ట్ ఎయిడర్లు తమిళంలో, తెలుగులో, కన్నడంలో మాట్లాడుకుంటూ అవే ముడులు వేశారు. 2001లో షాఫ్టులు మూతపడినప్పుడు ఆస్తుల లెక్క తీశారు, యంత్రాల లెక్క తీశారు. చేతుల్లో ఉన్న ఈ విద్యను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ సర్టిఫికెట్లు ఆండర్సన్‌పేటలో, రాబర్ట్‌సన్‌పేటలో, మారికుప్పం లైన్లలో ఇంకా ట్రంకు పెట్టెల్లో ఉన్నాయని నాకు తెలుసు, కొన్ని నాకు చూపించారు కూడా.

ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే, నా విన్నపం ఒకటి. తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగళూరు పనులకు వెళ్లే రైలు కదులుతుండగా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఉన్నారు. మార్కెట్ యార్డు ఉంది, మే, జూన్ నెలల్లో మామిడితోటలు ఉన్నాయి, మైదానాలు ఉన్నాయి. ఒక్కో చోట ఇద్దరు చొప్పున కట్టు కట్టడం వచ్చినవాళ్లు తయారైతే చాలు. పెట్టెలో నాలుగు అంగుళాల క్రేప్ బ్యాండేజీలు రెండు, ఆరు అంగుళాలది ఒకటి, మూడు మూలల గుడ్డలు నాలుగు, వెదురు బద్దలు, కత్తెర, పారాసిటమాల్ ఉండాలి. కట్టు మీద కట్టిన టైము రాయడానికి ఒక మార్కర్ పెన్ను కూడా. ఆ టైము చూసే రాత్రి ఇంట్లోవాళ్లకి మళ్లీ ఎప్పుడు గోరు నొక్కాలో తెలుస్తుంది. శరీర భాగాల గురించి చెప్పడానికి నేను వస్తాను, ముడులు వేయడం నాకంటే మీకే బాగా వచ్చు. యార్డులో పని తెల్లవారుజామునే మొదలై మధ్యాహ్నానికి సద్దుమణుగుతుంది కనుక మొదటి క్లాసు అక్కడే, మధ్యాహ్నం మూడింటికి పెట్టుకుందాం.